పైలట్ మెడికల్‌లో యూరిన్ టెస్ట్ దేనికోసం చేస్తారు? అది డ్రగ్ టెస్టా?

వరంగల్ నుంచి ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. ఇంటర్ ఎంపీసీ పూర్తయింది, వచ్చే వారం హైదరాబాద్‌లో డీజీసీఏ (దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) క్లాస్ 2 మెడికల్, అంటే పైలట్ ట్రైనింగ్‌కి ముందు చేయించుకునే మొదటి మెడికల్ ఉంది. యూరిన్‌లో ఏమేం చూస్తారు, డ్రగ్ టెస్ట్ కూడా అందులోనే అయిపోతుందా, నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి తనకేమైనా ఇబ్బందా, జిమ్‌కి వెళ్తూ ప్రొటీన్ పౌడర్ తాగుతున్నాడు కాబట్టి యూరిన్‌లో ప్రొటీన్ కనిపిస్తుందా? ఇవీ ఆయన సందేహాలు.

నేను హైదరాబాద్‌లో ఫిజీషియన్‌ని. పదహారేళ్లుగా పైలట్ల మెడికల్స్ చేస్తున్నాను. మొదటిసారి వచ్చే పిల్లల్లో సగం మంది కళ్ల పరీక్ష గురించి, మిగతా సగం ఈ యూరిన్ డబ్బా గురించి టెన్షన్ పడుతూ వస్తారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటిగా జవాబు: మెడికల్‌లో మీరిచ్చే యూరిన్‌లో ముఖ్యంగా చూసేవి మూడు. షుగర్, ప్రొటీన్, రక్తం. వాటితో పాటు ఇన్ఫెక్షన్ ఉందేమో చూస్తాం. మామూలు యూరిన్ రొటీన్ పరీక్షలో గంజాయి గానీ, మద్యం గానీ, మరే డ్రగ్ గానీ తేలదు. ఆ పరీక్షకు వేరే నియమాలు ఉన్నాయి, శాంపిల్ తీసుకునే పద్ధతి కూడా వేరు. దాని గురించి కింద రాస్తాను. అమెరికాలో ట్రైనింగ్‌కి వెళ్లే మన పిల్లలకు ఒక మాట: అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ మెడికల్‌లో యూరిన్‌తో చూసేది షుగర్, ప్రొటీన్ మాత్రమే. డ్రగ్ టెస్ట్ అక్కడ కూడా ఉద్యోగానికి సంబంధించిన వేరే వ్యవహారం.

పరీక్ష ఎలా జరుగుతుందో చెప్తే సగం భయం పోతుంది. చిన్న డబ్బాలో మీరిచ్చిన శాంపిల్‌లో ఒక సన్నటి ప్లాస్టిక్ పట్టీ ముంచి, అంచును టిష్యూకి ఆనించి అదనపు తడి తీసేస్తారు. ఆ పట్టీ మీద వరుసగా పది చిన్న చదరాలుంటాయి. ఒక్కో చదరం ఒక్కో విషయం చెప్తుంది. షుగర్ చదరాన్ని 30 సెకన్లకు చూడాలి, ప్రొటీన్, రక్తం చదరాలను నిమిషానికి, తెల్ల రక్తకణాల చదరాన్ని రెండు నిమిషాలకు. ప్రొటీన్ చదరం మామూలుగా లేత పసుపు రంగులో ఉంటుంది. ప్రొటీన్ ఉంటే ఆకుపచ్చకు తిరుగుతుంది, ఎంత ఎక్కువుంటే అంత ముదురు. ఆ రంగును సీసా మీదున్న చార్ట్ పక్కన పెట్టి నిల్, ట్రేస్, 1+, 2+ అని రాస్తారు. ఆ తర్వాత కొంత శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరిన మడ్డిని మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఎర్ర రక్తకణాలు, పస్ సెల్స్ (చీము కణాలు), స్ఫటికాలు, కిడ్నీ గొట్టాల్లో అచ్చుల్లా తయారయ్యే కాస్ట్స్ అక్కడ కనిపిస్తాయి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. స్ట్రిప్ మీద రంగు మారినంత మాత్రాన అన్‌ఫిట్ కాదు. ఆ రంగు మాకొక ప్రశ్న వేస్తుంది, అంతే. దానికి జవాబు వేరే పరీక్షలతో వెతుకుతాం. ఆ జవాబు దొరికేదాకా ఫైల్ మీద 'టెంపరరీ అన్‌ఫిట్' అని పడొచ్చు. ఆ మాట చూసి తల్లిదండ్రులు ఏడ్చిన సందర్భాలు నాకు తెలుసు. కారణం తేలి, అది విమానం నడపడానికి అడ్డు కాదని రుజువైతే దాన్ని తీసేస్తారు.

ప్రొటీన్ సంగతి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ జల్లెడ లాంటిది. నీళ్లు, వ్యర్థాలు కిందికి వెళ్తాయి, రక్తంలోని ఆల్బుమిన్ పైనే ఉండిపోతుంది. జల్లెడ పాడైతే ఆల్బుమిన్ కారుతుంది, స్ట్రిప్ పట్టుకునేది ప్రధానంగా దాన్నే. బీపీ, షుగర్, కిడ్నీ వాపు జబ్బులు, వీటన్నిటికీ ఇది తొలి జాడ కావచ్చు. అప్పటికి ఒంట్లో ఏ బాధా తెలియదు.

మీ ప్రొటీన్ పౌడర్ గురించి: తాగిన ప్రొటీన్ అలాగే యూరిన్‌లోకి రాదు. పేగుల్లో అరిగి, విడిపోయి, యూరియాగా బయటికి పోతుంది. కాబట్టి కిడ్నీలు బాగున్న కుర్రాడికి పౌడర్ వల్ల స్ట్రిప్ ఆకుపచ్చగా మారదు. మారేది వర్కవుట్ వల్ల. బాగా బరువులెత్తినా, దూరం పరిగెత్తినా ఆ తర్వాత ఒకట్రెండు రోజులు యూరిన్‌లో ప్రొటీన్, కొన్నిసార్లు రక్తకణాలు కూడా కనిపిస్తాయి.

కొన్నేళ్ల క్రితం ఖమ్మం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. పందొమ్మిదేళ్లు, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మెడికల్‌లో ఫిట్‌గా కనపడాలని ఆ రోజు తెల్లవారుజామున ట్యాంక్‌బండ్ మీద గంటసేపు పరిగెత్తి నేరుగా క్లినిక్‌కి వచ్చాడు. ప్రొటీన్ 2+, రక్తం ట్రేస్. మొహం పాలిపోయింది. మూడు రోజులు వ్యాయామం మానేసి రమ్మన్నాను. రెండోసారి రక్తం నిల్, ప్రొటీన్ మాత్రం ఇంకా 1+. అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. ఎదిగే వయసు పిల్లల్లో, ముఖ్యంగా సన్నగా పొడుగ్గా ఉన్నవాళ్లలో, నిలబడి తిరుగుతున్నప్పుడు ప్రొటీన్ పోయి, పడుకున్నప్పుడు పోకుండా ఉండే స్థితి ఒకటుంది. అది జబ్బు కాదు, వయసుతో పాటు తగ్గిపోతుంది. తేల్చడం కూడా సులువే. రాత్రి పడుకోబోయే ముందు యూరిన్ పూర్తిగా పోసేయాలి. పొద్దున మంచం దిగగానే ఒక శాంపిల్ పట్టాలి. కొన్ని గంటలు తిరిగాక ఇంకొకటి. ఆ అబ్బాయికి పొద్దుటి శాంపిల్‌లో ప్రొటీన్-క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపే ఒక వ్యర్థం) నిష్పత్తి పూర్తిగా నార్మల్, పగటి శాంపిల్‌లో ఎక్కువ. కిడ్నీ స్కాన్, క్రియాటినిన్, బీపీ అన్నీ బాగున్నాయి. కాగితాలన్నీ జత చేసి పంపాం, ఫిట్ వచ్చింది. పరుగు మానేసి వచ్చి, పొద్దుటి మొదటి శాంపిల్ కూడా ముందే చూసి ఉంటే ఆ మూడు వారాల టెన్షనే ఉండేది కాదు.

శ్రీకాకుళం పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఉద్దానం ప్రాంతం, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు యూరిన్‌లో ప్రొటీన్ నిల్ అని రాగానే నిశ్చింతగా ఉండకండి. అక్కడి తరహా కిడ్నీ జబ్బు ఎక్కువగా జల్లెడను కాక గొట్టాలను దెబ్బతీస్తుంది. అలాంటి జబ్బులో యూరిన్ ప్రొటీన్ చాలా తక్కువగానో, అసలు లేకుండానో ఉండొచ్చు. రక్తంలో క్రియాటినిన్ చూస్తే గానీ బయటపడదు. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే మెడికల్‌తో సంబంధం లేకుండా ఏడాదికోసారి క్రియాటినిన్ చేయించుకోండి.

షుగర్ సంగతి. రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే గానీ కిడ్నీ దాన్ని యూరిన్‌లోకి వదలదు. కాబట్టి యూరిన్ షుగర్ నిల్ అంటే షుగర్ జబ్బు లేదని అర్థం కాదు. పొద్దున పరగడుపున 140 ఉన్నవాడికి కూడా స్ట్రిప్ శుభ్రంగా రావచ్చు. మీ నాన్నగారికి షుగర్ ఉందన్నారు. ఫారంలో కుటుంబ చరిత్ర అడిగిన చోట ఆ విషయం రాయండి, దానివల్ల మిమ్మల్నెవరూ ఆపరు. కానీ ఈ వారంలోనే పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చేయించుకుని మీ సంగతి మీరు తెలుసుకోండి.

దీనికి తిరకాసు కేసులూ ఉంటాయి. కొందరికి పుట్టుకతోనే కిడ్నీ గ్లూకోజ్‌ను తక్కువ స్థాయిలోనే వదిలేస్తుంది. రక్తంలో షుగర్ నార్మల్, యూరిన్‌లో పాజిటివ్. ఇది కుటుంబాల్లో నడుస్తుంది, ప్రమాదం లేదు. ఇంకొకటి మందుల వల్ల. ఒకసారి రెన్యువల్‌కి నలభై ఆరేళ్ల కెప్టెన్ వచ్చారు. చాలా మర్యాదస్తుడు, ఏ మందులూ వాడటం లేదని ఫారంలో రాశారు. స్ట్రిప్ ముంచగానే షుగర్ చదరం ముదురు గోధుమ రంగుకు తిరిగింది. రక్తంలో పరగడుపు షుగర్ చూస్తే 104. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. "సర్, డాపాగ్లిఫ్లోజిన్ ఏమైనా వాడుతున్నారా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. బయట ఒక డాక్టరు ఆరు నెలల క్రితం మొదలుపెట్టారట, రాస్తే లైసెన్స్ పోతుందని భయపడ్డారట. ఆ షుగర్ మందు పని చేసేదే గ్లూకోజ్‌ను యూరిన్‌లోకి తోసేయడం ద్వారా. దాన్ని దాచడం కుదరదు. మొదటే రాసి, షుగర్ అదుపులో ఉందన్న రిపోర్టులు తెచ్చి ఉంటే ఫైల్ మామూలుగా నడిచేది. ఫారంలో అబద్ధం ఉందని తేలాక జబ్బు చిన్నదైనా నమ్మకం పోతుంది, తర్వాత ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చూస్తారు. ఆయన కోసం నేను నిజంగా బాధపడ్డాను.

రక్తం సంగతి. నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్నది దీని మీదే. కంటికి కనపడకుండా యూరిన్‌లో పోయే రక్తం వెనక కిడ్నీలో రాయి ఉండొచ్చు. మైక్రోస్కోప్‌లో ఒక్కో ఫీల్డ్‌కి (ఒకసారి చూసినప్పుడు కనిపించే వలయం) మూడు గానీ అంతకు మించి గానీ ఎర్ర రక్తకణాలు ఉంటే దాన్ని వదిలేయం. రాయి కిడ్నీలో కదలకుండా కూర్చున్నప్పుడు ఏ నొప్పీ ఉండదు. అది జారి గొట్టంలో ఇరుక్కుంటే వచ్చే నొప్పి ఎలాంటిదో పడ్డవాళ్లకే తెలుసు. నడుము పక్క నుంచి గజ్జల్లోకి పొడుస్తూ, వాంతులవుతూ, మనిషి ఒకచోట కూర్చోలేడు. అలాంటి నొప్పి ల్యాండింగ్‌కి దిగుతుండగా వస్తే? సోలో ఫ్లయింగ్‌లో పక్కన ఎవరూ ఉండరు. ఈ పరీక్ష ఉన్నది అందుకే.

మన ఎండలకు రాళ్లు మామూలే. పైలట్లకు ఇంకా ఎక్కువ చిక్కు. కాక్‌పిట్‌లో గాలి చాలా పొడిగా ఉంటుంది, తేమ 20 శాతం కంటే తక్కువ. దానికి తోడు టాయిలెట్‌కి లేవాల్సి వస్తుందని చాలామంది నీళ్లు తాగరు. ట్రైనింగ్ పిల్లలు మే నెల ఎండలో చిన్న విమానంలో కూర్చుని కూడా అదే చేస్తారు. స్ట్రిప్ మీద స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే యూరిన్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, 1.030 అని చూడగానే "నిన్న ఎన్ని నీళ్లు తాగావు?" అని అడుగుతాను. జవాబు ఎప్పుడూ ఒకటే, గుర్తులేదని. మైక్రోస్కోప్‌లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు చిన్న పోస్టు కవర్లలా నలుచదరంగా మెరుస్తుంటాయి. అవి ఉన్నంత మాత్రాన రాయి ఉన్నట్టు కాదు. వాటితో పాటు రక్తకణాలు కూడా ఉంటే స్కాన్‌కి పంపుతాం.

రాయి తేలితే కెరీర్ అయిపోయినట్టు కాదు. తీయించుకుని, కిడ్నీ మార్గం ఖాళీగా ఉందని స్కాన్ చూపించి తిరిగి ఫిట్ అయినవాళ్లను నేను చాలామందిని చూశాను.

జిమ్‌కి వెళ్లే మీకు ఇందులో ఇంకో ముక్క. స్ట్రిప్ మీద రక్తం గట్టిగా పాజిటివ్, మైక్రోస్కోప్‌లో ఎర్ర కణాలు మాత్రం లేవు అంటే, అది కండరాలు దెబ్బతిని వచ్చే మయోగ్లోబిన్ కావచ్చు. శక్తికి మించి వర్కవుట్ చేసి యూరిన్ కోలా రంగులో వస్తే మెడికల్ డేట్ సంగతి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కిడ్నీలు దెబ్బతింటాయి.

అమ్మాయిలకు: పీరియడ్స్ సమయంలో ఇచ్చిన శాంపిల్‌లో రక్తం రావడం సహజం. సిగ్గుపడి చెప్పకపోతే అనవసరంగా స్కాన్ల దాకా వెళ్తుంది. వీలైతే డేట్ మార్చుకోండి, లేకపోతే శాంపిల్ ఇచ్చేటప్పుడే చెప్పండి. రాసుకుని, వారం తర్వాత మళ్లీ చూస్తారు.

పస్ సెల్స్, నైట్రైట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇన్ఫెక్షన్ ఉంటే మందులు వాడి మళ్లీ శాంపిల్ ఇస్తారు, అంతే.

ఇప్పుడు డ్రగ్ టెస్ట్. మన దేశంలో విమాన సిబ్బందికి మత్తు పదార్థాల పరీక్షల మీద డీజీసీఏ నియమాలు 2022 జనవరి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. దాని ప్రకారం సంస్థలు తమ పైలట్లలో, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లలో ఏటా కనీసం 10 శాతం మందికి ముందుగా చెప్పకుండా పరీక్ష చేయాలి. ఉద్యోగంలో చేర్చుకునే ముందు, ఫ్లయింగ్ స్కూల్లో ట్రైనింగ్‌కి తీసుకునే ముందు కూడా చేయాలి. కాబట్టి మీకు ఈ పరీక్ష ఎదురవుతుంది, కానీ క్లాస్ 2 యూరిన్ డబ్బాలో కాదు. చూసేవి గంజాయి, ఓపియేట్లు (నల్లమందు జాతి మందులు), కొకైన్, యాంఫెటమిన్లు, బార్బిట్యురేట్లు, బెంజోడయజపైన్లు (నిద్రమాత్రల్లాంటి మత్తు మందులు). మొదటి పరీక్షలో పాజిటివ్ వస్తే కన్ఫర్మేటరీ పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా డ్యూటీ నుంచి పక్కన పెడతారు.

మన ఇళ్లకు సంబంధించి ఇందులో రెండు సంగతులు ఉన్నాయి.

ఒకటి గసగసాలు. మసాలా కూరల్లో గసగసాలు నూరి వేయడం మనకు మామూలు. గసగసాలు వచ్చేది నల్లమందు మొక్క నుంచే కాబట్టి గింజల మీద కొద్దిపాటి మార్ఫిన్, కోడీన్ అంటుకుని ఉంటాయి. ఎక్కువ తింటే యూరిన్‌లో ఓపియేట్ కనిపించవచ్చు. అమెరికాలో ఇలాంటి తప్పుడు పాజిటివ్‌లు తగ్గించడానికే 1998లో ఓపియేట్ కటాఫ్‌ను, అంటే పాజిటివ్ అనడానికి పెట్టుకున్న కనీస స్థాయిని, 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచారు. అయినా 2023లో అక్కడి రక్షణ శాఖ సైనికులను గసగసాలకు దూరంగా ఉండమని హెచ్చరించింది. ట్రైనింగ్‌లో ఉన్నన్నాళ్లూ అమ్మకు ఒక మాట చెప్పి గసగసాల బదులు జీడిపప్పో కొబ్బరో వేయించుకోండి. కోడీన్ ఉన్న దగ్గు మందు కూడా అంతే. డాక్టరు చీటీ దాచుకోండి, పరీక్షకు ముందే చెప్పండి, తర్వాత చెప్తే సాకులా ఉంటుంది.

రెండోది కల్లు. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజెపాం కలిపిన కేసులు చాలాసార్లు బయటపడ్డాయి. ఈ రెండూ బెంజోడయజపైన్లే. పండక్కి ఊరెళ్లి ఒక సీసా తాగినవాడికి తాను మత్తుమందు తీసుకున్నానని కూడా తెలియదు. కల్లులో ఏం కలిపారో నాకు తెలియదన్న మాటను పైలట్ విషయంలో ఎవరూ వినరు. గంజాయి గురించి చెప్పనక్కర్లేదు, ఒక్కసారి తాగినా కొన్ని రోజులు, అలవాటు ఉంటే నెల దాటినా యూరిన్‌లో దొరుకుతుంది.

మీ మెడికల్ రోజు ఏం చేయాలో రాస్తాను. రెండు రోజుల ముందు నుంచి జిమ్, పరుగు మానేయండి. ముందురోజు మామూలుగా నీళ్లు తాగండి. మరీ ఎక్కువగా, లీటర్ల కొద్దీ తాగి యూరిన్‌ను నీళ్లలా చేసుకుని రావద్దు, పలచబడ్డ శాంపిల్‌ను మళ్లీ అడుగుతారు. పెద్ద మోతాదు విటమిన్ సి మాత్రలు ఆ రెండు రోజులూ ఆపండి. అవి స్ట్రిప్ మీద షుగర్, రక్తం చదరాల రంగు రాకుండా అడ్డుపడతాయి. బీకాంప్లెక్స్ వల్ల యూరిన్ బాగా పసుపుగా వస్తుంది, కంగారు పడకండి. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టండి, డబ్బా లోపల వేలు పెట్టకండి. ఇంటి నుంచి శాంపిల్ తేవద్దు. క్లినిక్‌లోనే ఇవ్వండి, ఎందుకంటే రెండు గంటలు దాటితే కణాలు విరిగిపోయి, క్రిములు పెరిగి ఫలితం మారిపోతుంది. జ్వరం ఉంటే ఆ రోజు వెళ్లకండి, జ్వరానికి కూడా ప్రొటీన్ వస్తుంది.

క్లాస్ 2 అయ్యాక, కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి కావాల్సిన క్లాస్ 1కి బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్, ఢిల్లీలోని ఎయిర్‌ఫోర్స్ సెంట్రల్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ లాంటి చోట్లకు వెళ్తారు. అక్కడ కూడా యూరిన్ పరీక్ష ఉంటుంది. ఇక్కడి రిపోర్టుల కాపీలు, పాత స్కాన్లు ఏవైనా ఉంటే అన్నీ ఒక ఫైల్‌లో పెట్టుకోండి. చిన్నప్పుడు కిడ్నీకి సంబంధించి ఏదైనా జరిగి ఉంటే, ఉదాహరణకు ఒళ్లంతా వాచి నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని చెప్పి ఉంటే, ఆ కాగితాలు తప్పకుండా వెతకండి. అమ్మను అడగండి, ఇలాంటివి తల్లులకే గుర్తుంటాయి.

మెడికల్‌కి ఇంకా వారం ఉంది కాబట్టి రేపో ఎల్లుండో దగ్గర్లోని ల్యాబ్‌లో పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, యూరిన్ రొటీన్ చేయించండి. రిపోర్ట్ వచ్చాక మీ పేరు, ఫోన్ నంబర్ లేకుండా విలువలు మాత్రం ఇక్కడే కింద రాయండి. రాత్రి క్లినిక్ అయ్యాక చూసి చెప్తాను.